కొంగ పక్కన తేలిన బాతు

పత్రికలో ఫోటోకు రెండు జన్మలు. మనం తీసినప్పుడు ఒకటి, డెస్కువాళ్ళు కత్తిరించాక ఇంకొకటి. పాఠకుడు చూసేది రెండోదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా ఫోటో అంచులు ఎగిరిపోతే బాధపడేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది. అంచుల్లో ఏముంటుంది లెమ్మని నేనే కత్తిరించి పంపేవాణ్ణి. ఒక ఫోటో అంచు చూసి గుండె జారిపోయిన రోజు ఒకటుంది. కెమెరాలు పట్టుకుని తిరిగే ఇప్పటి పిల్లలకు దాన్ని చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

పావగడలో నా ఉద్యోగం చివరికొచ్చిన రోజులవి. ఊరు కర్ణాటకది, మా పేపరు సరిహద్దుకు అవతల ఆంధ్రాలో అచ్చయి, పొద్దున్నే బస్సులో ఇటు వచ్చేది. చిన్న ఊరి విలేకరికి ఫోటోగ్రాఫరు వేరే ఉండడు; వార్తా నేనే, ఫోటో నేనే. ఆ తాలూకా నుంచి ఏళ్ళ తరబడి నేను పంపిన వార్తలన్నీ ఒక్క మాటలో చెప్పాలంటే నీళ్ళు లేవనే. తర్వాత సోలార్ వచ్చింది. చేలు లీజుకిచ్చారు, గొర్రెలు అమ్ముకున్నారు, తిరుమణి వైపు చూస్తే కనుచూపు మేర నల్లటి అద్దాలే. ఆ అద్దాల మధ్య ఒక ఏడు ఎవరూ అడగని వాన కురిసింది. ఎండి బీటలు వారిన చెరువులు నిండాయి. మరుసటి నెలకు ఎర్రకాళ్ళ కొంగలు దిగాయి. అన్నేళ్ళు అవి ఎక్కడున్నాయో, నీళ్ళ సంగతి వాటికి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారాలు నేను సోలార్ ప్లాంటు పక్కనున్న చెరువులో గాలం వేయడానికి వెళ్ళేవాణ్ణి. జోడీగా రాయచెర్లు నుంచి ఒకాయన వచ్చేవాడు. ఒకప్పుడు గొర్రెలు కాసినవాడు, అప్పటికి షేర్ ఆటో తోలుతున్నాడు. గాలం, ఎర్రల డబ్బా ఆయనవి, కెమెరా నాది. ఒక బండ మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. గాలానికి జిలేబీ చేప తగిలి నేను కట్టె లాగబోయే సమయానికే ఏదో పిట్ట వాలేది. కట్టె వదిలేసి కెమెరా ఎత్తేవాణ్ణి. చేప ఎర్ర తినేసి పోయేది.

"నీకు చేప పడదు, నాకు ఫోటో పడదు," అనేవాడాయన. "ఇద్దరం కలిస్తే ఒక మనిషి సార్."

ఆయన భార్య ప్లాంటులో ప్యానళ్ళు కడిగే పనికి పోయేది. మాటలు తక్కువ మనిషి. మొదటిసారి మేం చెరువుకు బయలుదేరినప్పుడు మాత్రం ఆటో దాకా వచ్చింది. "అన్నా, ఈయప్పకు గొర్రెలు తెల్సు, ఆటో తెల్సు. నీల్లు తెలీవు. నువ్వు రోంత పక్కనుండు," అంది. ఆమె అన్నది ఒక్క ఆయన సంగతే కాదు. ఆ తాలూకాలో ఈత వచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేర్చుకోవడానికి నీళ్ళుంటే కదా. నాకూ రాదు.

ఈత రాకపోయినా ఆయనకు లోతు కొలిచే పద్ధతి ఒకటుండేది. గొర్రెలను నీళ్ళకు తోలిన కాలంలో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు. "కొంగ నిలిస్తే పో, బాతు తేలితే ఆగు." కొంగ నిలబడి ఉంటే ఆ నీళ్ళు మనిషికి మోకాలి దాకా, బాతు తేలుతూ మునుగుతూ ఉంటే అక్కడ లోతు. ఇంతే శాస్త్రం. నేనూ చాలాసార్లు గమనించాను, తప్పేదే కాదు. పక్షుల కాళ్ళు చూసి నడిచే మనుషులను చూడడం నాకు మహా ఇష్టంగా ఉండేది. దాని మీద చిన్న వ్యాసం కూడా రాశాను. వేయలేదు.

కొంగల ఫోటో మాత్రం వేశారు. చెరువు నడుమ వరుసగా నిలబడ్డ కొంగలు, నీళ్ళలో వాటి గులాబీ రంగు నీడలు. నిజంగా బాగా వచ్చింది. కింద మా డెస్కులోని సబ్ ఎడిటర్ "మోకాటి నీళ్ళలో ఎర్రకాళ్ళ కొలువు" అని రాశాడు. చెరువు ముఖం చూడని మనిషి. ప్రాస కుదిరింది, ఆయనకు అంతే కావాలి.

మా ఆటో ఆయన ఆ ముక్క కత్తిరించి అద్దానికి అంటించుకున్నాడు. ఎక్కిన ప్రతివాళ్ళకూ చూపించేవాడు. "సూడు, పేపర్లోనే పడింది మోకాలి లోతని."

అది రాసినాయన ఎక్కడో కూర్చుని రాశాడప్పా, ఆయనకేం తెలుసు, అని నేను నవ్వితే, "పేపర్లో పడినాక యాడ కూసోని రాస్తే ఏంది సార్," అన్నాడు. జీవితమంతా ఆ నమ్మకం మీదే కదా నేను జీతం తీసుకున్నది.

ఎండలు ముదిరే ముందు నీళ్ళు వెనక్కి తగ్గాయి, చేపలు నడుమకు చేరాయి. ఒక ఆదివారం అందరూ కలిసి చెరువులో దిగాలని ఊళ్ళో అనుకున్నారు. వాళ్ళ తాతల కాలంలో ఉన్న అలవాటే. చెరువు నిండితే కదా అది మళ్ళీ గుర్తుకు రావడం. వలలు ఎవరికీ లేవు. సోలార్ పనులప్పుడు మిగిలిన పచ్చ వలగుడ్డ, దోమతెరలు, పాత చీరలు సిద్ధం చేసుకున్నారు. మా ఆటో ఆయన మాత్రం హిందూపురం పోయి విసురు వల కొన్నాడు. వల ఉన్నవాడు ముందు దిగాలి, మిగతావాళ్ళు వెనక రావాలి. ఆ ముందు దిగే గౌరవం గురించి వారం రోజులు మాట్లాడాడు. నేను రిటైర్ అవుతున్నానని డెస్కువాళ్ళు నా పక్షుల ఫోటోలతో ఒక పేజీ వేస్తామన్నారు. ఆ ఆదివారమే పంపాలి. పొద్దున ఫోటోలు పంపేసి నేరుగా చెరువుకు వస్తానని చెప్పాను.

పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పేజీ కదా, ఎక్కువ ఫోటోలు కావాలి. కత్తిరించినవి కాకుండా మొదటి ఫోటోలు తెరిచాను. అన్నీ ఒకే బండ మీద కూర్చుని తీసినవే. వెనక ప్లాంటు కంచె, రెండు కరెంటు స్తంభాలు. వానలు తగ్గిన కొత్తలో తీసినవి, చలికాలంలో తీసినవి, మొన్న తీసినవి పక్కపక్కన పెట్టుకుని ఏది బాగుందా అని చూస్తున్నాను. చాలాసేపటికి గానీ తట్టలేదు. ప్రతి ఫోటోలోనూ కొంగలు ఆ రెండు స్తంభాల మధ్యే ఉన్నాయి. నీళ్ళు పెరిగినా తగ్గినా అదే వరుస. పక్కకు చెదిరిన కొంగ ఒక్కటీ లేదు.

అప్పుడు అంచులు చూశాను. ప్రతిసారీ కత్తిరించేసిన అంచులు. కొంగల వరుసకు ఇటొకటి అటొకటి, మునిగి తేలే చిన్న బాతులు. దూరంగా కాదు. కొంగ కాలికి పక్కనే. ఒక ఫోటోలో కొంగ నిలబడి ఉంది, దాని తోకకు అందేంత దూరంలో బాతు మునుగుతోంది. వీపు మాత్రమే కనిపిస్తోంది.

కొంగ నిలిస్తే పో, బాతు తేలితే ఆగు. రెండూ ఒకే చోట ఉంటే ఏం చేయాలో పెద్దవాళ్ళు చెప్పిపోలేదు. వాళ్ళ కాలంలో చెరువు అడుగు అట్లా ఉండేది కాదు.

చెరువు అడుగు ఎట్లా ఉందో నా దగ్గరే ఉంది. ఆ చెరువు ఎండిపోయి ఉన్నప్పుడు, సోలార్ రోడ్ల కోసం దాంట్లోంచి గరుసు మట్టి తవ్వుకుపోతున్నారని ఒక వార్త పంపాను. నాలుగు వరుసల్లో వేశారు, ఫోటో వేయలేదు. ఆ ఫోటో వెతికి తెరిచాను. అవే రెండు స్తంభాలు. వాటికి ఎదురుగా టిప్పర్లు పోవడానికి వదిలిన మట్టి దారి. దారికి రెండు వైపులా గుంతలు. ఒక గుంతలో జేసీబీ దిగి ఉంది. దాని చేయి పైభాగం మాత్రమే బయటికి కనిపిస్తోంది. కొంగలు నిలబడేది ఆ దారి మీద, బాతులు మునిగేది ఆ గుంతల్లో.

ఊరివాళ్ళకు తెలియదా అని మీరు అడగొచ్చు. గరుసు తవ్వారని తెలుసు. గొర్రెలున్నన్నాళ్ళూ ఆ చెరువు అడుగు వాళ్ళకు అరచేతిలా తెలుసు. తవ్వకం జరిగింది గొర్రెలు అమ్మేశాక. ఆ వైపు నడవాల్సిన పని ఎవరికీ లేకపోయింది. గుంతలు పూడ్చే పోయాం అన్నాడు తవ్వించినవాడు. తర్వాత వాన వచ్చి అన్నిటినీ సమం చేసి చూపించింది.

ఫోన్ చేశాను. మోగింది. మళ్ళీ చేశాను. నీళ్ళలో దిగేటప్పుడు ఫోన్ ఆటోలో పెట్టి పోతాడని తెలుసు. అయినా బండి తీస్తూ ఒకసారి, ఊరి చివర ఒకసారి చేశాను. కెమెరా సంచి అలవాటు కొద్దీ భుజానికి తగిలించుకున్నాను.

ఆ దారిలో ఎన్ని వందల సార్లు పోయానో. ఆ రోజు దారి తప్పాను. ప్లాంటుల మధ్య రోడ్లన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. అవే కంచెలు, అవే గేట్లు. దూరంగా తళుక్కుమంటే చెరువే అనుకుని తిరిగాను. దగ్గరికి పోతే అద్దాలు. వెనక్కి తిప్పుకుని వస్తూ, ఆయన వల విసిరే తీరు తలుచుకున్నాను. విసరాలంటే తిన్నగా పోయే మనిషి పక్కకు అడుగు వేయాలి. నడిచినంత సేపూ ఏమీ కాదు. విసిరేటప్పుడే.

ఇంకో సంగతి కూడా గుర్తుకొచ్చింది. కొంగలున్నంత సేపు ఆయనకు అవే గుర్తు, వాటి వైపే నడుస్తాడు, దారి మీదే ఉంటాడు. మనిషి దగ్గరికి పోగానే కొంగలు ఎగిరిపోతాయి. ఆ తర్వాత నీళ్ళన్నీ ఒకటే.

కంచె మూల తిరిగేసరికి గట్టు మీద జనం కనిపించారు. అందరూ ఇంకా బయటే ఉన్నారు. పచ్చ గుడ్డ విప్పుతున్నారు, చీర కొంగులు ముడి వేస్తున్నారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. నీళ్ళలో ఒక్కడే ఉన్నాడు. వల భుజాన వేసుకుని, నిక్కరు తడవకుండా కొంగల వైపు నడుస్తున్నాడు. పిలిస్తే వినిపించే దూరం. చేయి చాస్తే అందే దూరం కాదు.

బండి పడేసి అరిచాను. ఆగప్పా, పోవద్దు అని. ఆయన తిరగలేదు. చేయి ఊపాడు. గట్టు మీద అందరూ నవ్వారు.

ఎందుకు నవ్వారో చెప్పాలి. ఆ చెరువు దగ్గర నేను ప్రతి ఆదివారమూ అరిచే మాట అదే. పోవద్దు, కదలొద్దు, పిట్టలు లేస్తాయి. నా అరుపు ఊళ్ళో ఒక హాస్యమైపోయింది.

"ఈ పొద్దు మటుకు నీ కొంగలు లేస్తే లేయనీ సార్," అన్నాడాయన నడుస్తూనే. "రేపొస్తాయిలే."

గుంత ఉంది, రెండు పక్కలా గుంతలున్నాయి అని అరిచాను. ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. "పోయిన నెల పామన్నాడు, ఈ పొద్దు గుంతంటాండాడు," అన్నారు ఎవరో. అదీ నిజమే. కొంగల మీద రాళ్ళు వేస్తున్న వాళ్ళను పంపేయడానికి ఆ పొదలో పాముందని చెప్పాను. వాళ్ళు కట్టెలు తెచ్చి పొదంతా వెతికారు.

ఆయన ఇంకో నాలుగడుగులు వేశాడు. చివరి కొంగ మెడ ఎత్తి చూసింది. అది లేచే ముందు మెడ ఎట్లా ఎత్తుతుందో నాకు తెలుసు. ఎన్నో పొద్దులు దాని కోసమే కాచుకుని కూర్చున్నాను. ఆయన భుజం మీది వల చేతిలోకి తీసుకున్నాడు.

ఆ క్షణంలో ఆలోచించి చేశానని చెప్పను. నలభై ఏళ్ళకు దగ్గరగా చేసిన పని చేతులే చేశాయి. సంచిలోంచి కెమెరా తీసి కంటికి పెట్టుకుని, "ఏమప్పా, ఇట్ల తిరుగు. ఫోటో. పేపరుకు," అన్నాను.

ఆయన ఆగిపోయాడు.

మా దగ్గర కెమెరా ఎత్తితే ఎంతటి మనిషైనా ఆగుతాడు. ముఖ్యమంత్రులు ఆగడం చూశాను, పోట్లాడుకుంటున్నవాళ్ళు ఆగడం చూశాను. ఆయన ఉన్నచోటే నిలబడి మెల్లగా నా వైపు తిరిగాడు. వల సరిచేసుకున్నాడు, తలకు చుట్టిన తువ్వాలు సరిచేసుకున్నాడు, ఛాతీ విరిచాడు. వెనక కొంగలు ఒక్కసారిగా లేచాయి. ఆయన వాటిని చూడలేదు. నా వైపే చూస్తూ నవ్వుతున్నాడు.

ఇప్పుడేం చేయాలి? ఎంతసేపని ఫోటో తీయగలను? కెమెరా కంటి నుంచి దించకుండా, ఆయన భార్య ఎక్కడుందని పక్కనున్నవాళ్ళను అడిగాను. వెనకే ఉంది. గంప, ప్యానళ్ళు తుడిచే పొడుగాటి కడ్డీ పట్టుకుని వచ్చింది. కడ్డీ చివర వల కట్టి చేపలు తోడాలని. నేను తిరగకుండానే తక్కువ గొంతుతో చెప్పాను. టిప్పర్ల దారి మీద నిలబడి ఉన్నాడమ్మా, పక్కన నేల లేదు, నన్ను నమ్ము.

ఆమె నవ్వలేదు. నమ్మినట్టూ కనిపించలేదు. ఆయన దిగినచోటికి పోయి, నీళ్ళలోకి మూడు నాలుగు అడుగులు వేసి, ఆ కడ్డీని పక్కన దించింది. నేను కెమెరా కన్నులోంచే చూస్తున్నాను. కడ్డీ దిగుతూ పోయింది. ఆమె వంగింది. చేయి మోచేతి దాకా నీళ్ళలోకి పోయింది. కడ్డీకి అడుగు తగల్లేదు.

గట్టు మీద ఎవరో కేక వేయబోతే ఆమె వెనక్కి చేయి చూపి ఆపింది. మొగుడి వైపు చూసి, రోజూ అన్నం తినమని పిలిచే గొంతుతో అంది:

"అట్లే ఉండు. కదలాకు. సారు ఇంగా తీస్తాండాడు."

"ఎన్ని తీస్తాడే?" అన్నాడాయన, పెదవులు కదిలీ కదలకుండా.

"నేనూ వస్తాండా. ఇద్దరికీ తీస్తాడంట."

ఆమె నడిచింది. ఒక అడుగు వేసే ముందు ఎడమన ఒకసారి, కుడిన ఒకసారి కడ్డీ దించుతూ నడిచింది. ఆయనకు అది వింతగా అనిపించి ఉండాలి. కానీ కెమెరా ముందున్న మనిషి కదలడు కదా. నేను నొక్కుతూనే ఉన్నాను. శబ్దం వినిపించాలి. శబ్దం ఆగితే ఆయన కదులుతాడని భయం.

"ఏందే, జంట ఫోటోనా? పెండ్లిలోనే తీయించుకోలేదు," అన్నాడు ఆమె దగ్గరికి రాగానే.

ఆమె ఒక చేత్తో ఆయన రెక్క గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఆయన కాలికి పక్కగా కడ్డీ దించింది. ఆయన కిందికి చూశాడు. కడ్డీ పోతూ ఉంది. నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, కాసేపు దాన్ని తీసేయడం కూడా మరిచిపోయాడు.

వచ్చిన దారినే వచ్చారు. ఆమె ముందు, ఆయన వెనక, ఇద్దరి మధ్య ఆ కడ్డీ. గట్టెక్కాక ఆయన బండ మీద కూర్చున్నాడు, మేం గాలాలు వేసే బండే. తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆమె పక్కన నిలబడి చీర కుచ్చిళ్ళు పిండుకుంటోంది. తలెత్తి నా వైపు చూశాడు.

"సార్, నిజంగానే ఫోటో తీస్తివా, ఊరికే అంటివా?"

తీశానన్నాను.

"అయితే సరే," అన్నాడు.

ఆ రోజు చేపలు పట్టకుండా ఎవరూ ఇళ్ళకు పోలేదు. తూము వైపు దిగారు. ముందు ఆమె కడ్డీతో చూసి చెప్పాక. సాయంత్రం నా బండికి ఒక సంచి తగిలించారు. తర్వాతి వారంలో ఆ దారికి రెండు వైపులా సర్వి కర్రలు పాతారు, ఎక్కడ పాతాలో ఆమె చూపించింది. ప్రతి కర్రకూ ఒక పచ్చ గుడ్డ పీలిక కట్టారు.

నా వీడ్కోలు పేజీ వచ్చింది. ఆ రాత్రే ఆ ఫోటో పంపుతూ దయచేసి కత్తిరించొద్దని రాశాను. లేచిన కొంగలన్నీ అచ్చయ్యాయి, ఒక్క ఈక కూడా పోలేదు. కింద మూలలో వల అంచు మాత్రం కనిపిస్తుంది. మనిషి లేడు. ఆయన పేపరు తెచ్చి నా ముందు పరిచాడు.

"చెరువు మింగలేదు గానీ మీ పేపరు మింగింది సార్ నన్ను."

పూర్తి ఫోటో పెద్దదిగా తీయించి ఇచ్చాను. రాయచెర్లులో వాళ్ళింటి గోడకు ఉంది. ఆయన నవ్వుతున్నాడు, కొంగలు లేస్తున్నాయి, ఎడమ అంచున నా వెనక నుంచి చొచ్చుకొచ్చిన ఆమె కడ్డీ చివర, కుడి అంచున ఒక బాతు. ఇంటికొచ్చినవాళ్ళందరూ కొంగలు చూసి బాగున్నాయంటారు. ఆమె మాత్రం ఆ బాతును వేలితో చూపిస్తుంది.

ఇప్పుడా చెరువుకు పెద్ద పెద్ద లెన్సులతో చాలామంది వస్తున్నారు. కొందరు నాకు ఫోటోలు పంపి అభిప్రాయం అడుగుతుంటారు. మొన్న ఒకతను పంపాడు. పొద్దుటి వెలుగు, కొంగల వరుస, అద్దంలా నిశ్చలమైన నీళ్ళు. నాకంటే ఎంతో బాగా తీశాడు. చూస్తుంటే ఏదో వెలితిగా అనిపించింది. కర్రలు లేవు. పడిపోయాయేమోనని కంగారుపడి వెంటనే ఫోన్ చేశాను. ఉన్నాయి సార్, అన్నాడు, పచ్చ గుడ్డలు అడ్డంగా ఉంటే ఫోన్లోనే చెరిపేశాను.

బాగుంది నాయనా, అన్నాను. కర్రలున్న ఫోటో ఉంటే అదే అందరికీ చూపించు.